కుకౌట్‌లో హాట్ డాగ్: ఏ ప్యాకెట్ కొనాలి, ఏ బన్ను తేవాలి, నిప్పు ఎలా పెట్టాలి

మెమోరియల్ డే నుంచి లేబర్ డే దాకా, అంటే మే చివర నుంచి సెప్టెంబర్ మొదటి దాకా, అమెరికా సూపర్ మార్కెట్లలో హాట్ డాగ్ (బన్నులో పెట్టి తినే, రుబ్బిన మాంసపు సాసేజ్) ప్యాకెట్లు ఒక అర మొత్తాన్ని ఆక్రమిస్తాయి. బీఫ్, టర్కీ, చికెన్, కోషర్, అన్‌క్యూర్డ్, స్కిన్‌లెస్, న్యాచురల్ కేసింగ్, బన్ లెంగ్త్, జంబో. పార్కులో తెలుగు సంఘం పిక్నిక్‌కో, ఇంటి వెనక పెరట్లో పదిమంది కలిసే శనివారానికో సరుకు తెచ్చేవాళ్లు చాలామంది వీటిలో చవగ్గా కనిపించిన రెండు ప్యాకెట్లు తీసి బండిలో వేసేస్తారు. ఆ తర్వాత ఎర్రటి నిప్పుల మీద అవి పగిలి, నల్లబడి, చల్లారేసరికి ముడతలు పడతాయి. దాంతో హాట్ డాగ్ అంటే పిల్లలు తినే ఉప్పు రబ్బరు అనే అభిప్రాయం స్థిరపడిపోతుంది. ఇది సరుకు తప్పు సగమే, మిగతా సగం నిప్పుది. ఈ సమీక్షలో సాసేజ్, బన్ను, గ్రిల్ మూడిటినీ కలిపి చూస్తున్నాం. ఎందుకంటే ఒకటి బాగుండి రెండోది బాగులేకపోతే ప్లేట్‌లోకి వచ్చేది బాగుండదు.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది: హాట్ డాగ్ ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఉడికి, పొగ పట్టి వస్తుంది. గ్రిల్ దగ్గర దాన్ని వండే పని లేదు. లోపల బాగా వేడెక్కాలి, పైన ఎర్రగా రంగు తేలాలి, లోపలి రసం లోపలే ఉండాలి. చికెన్ కాళ్లు కాల్చినట్టు, పచ్చిమాంసం మీద భయంతో కాల్చినట్టు కాలిస్తే పాడవుతుంది.

లోపల ఏముంటుందో తెలిస్తే ఎందుకు పాడవుతుందో కూడా తెలుస్తుంది. మాంసాన్ని, కొవ్వును, ఉప్పును ఐస్‌తో కలిపి మెత్తటి ముద్దగా రుబ్బుతారు. గారెల పిండి రుబ్బేటప్పుడు వేడెక్కకుండా చల్లటి నీళ్లు చిలకరించినట్టే ఇక్కడా ఐస్. వేడెక్కితే కొవ్వు కరిగి విడిపోతుంది, ముద్ద విరిగిపోతుంది. చల్లగా ఉంటే కొవ్వు సన్నటి బిందువులుగా మాంసకృత్తుల వలలో ఇరుక్కుని ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఇందులో కొవ్వు 30 శాతం మించకూడదు, కొవ్వూ కలిపిన నీళ్లూ కలిసి 40 శాతం దాటకూడదు. అంటే చేతిలో ఉన్నది కొవ్వూ నీళ్లూ బాగా ఉన్న, ఒక పొరలో బిగించిన సున్నితమైన ముద్ద. మరీ పెద్ద మంట మీద పెడితే ఆ నీళ్లు ఆవిరై లోపలి నుంచి తోస్తాయి, పొర చీలుతుంది, కరిగిన కొవ్వు ఆ చీలికలోంచి నిప్పుల మీద పడి మంట లేస్తుంది. ఆ మంట మసి హాట్ డాగ్‌కే అంటుకుంటుంది. పగలడం, నల్లబడటం, ఎండిపోవడం మూడు వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే.

పొర సంగతి

ప్యాకెట్ మీద అన్నిటికన్నా ముందు చూడాల్సిన మాట పొర గురించి. న్యాచురల్ కేసింగ్ అని ఉంటే అది జంతువు పేగు పొర, హాట్ డాగ్‌కి ఎక్కువగా గొర్రెది వాడతారు. కొరికినప్పుడు టప్‌మని తెగే ఆ శబ్దం, వెంటనే నోట్లోకి వచ్చే వేడి రసం ఈ పొరతోనే వస్తాయి. ఇవి కొంచెం వంకరగా, ఒకటి ఇంకోదానికన్నా కాస్త పొట్టిగా పొడుగ్గా ఉంటాయి. అది లోపం కాదు, అసలు పేగు పొర అనడానికి గుర్తు. స్కిన్‌లెస్ అని ఉంటే ముద్దను సెల్యులోజ్ గొట్టంలో ఉడికించి, ఆ తర్వాత గొట్టాన్ని ఒలిచేశారని అర్థం. మార్కెట్లో ఎక్కువ దొరికేవి ఇవే. అన్నీ ఒకే కొలత, తిన్నగా ఉంటాయి, కొరికితే మెత్తగా దిగుతుంది. మూడో రకం కొల్లాజెన్ కేసింగ్, ఎక్కువగా పశువుల తోలు నుంచి తీసిన కొల్లాజెన్‌తో చేసేది.

బీఫ్ తినని తెలుగు ఇళ్లకు ఇక్కడే అసలు చిక్కు. ముందు చికెన్ అని పెద్దక్షరాలు చూసి కొంటాం, వెనక పదార్థాల చివర్లో పంది పేగు పొర అనో బీఫ్ కొల్లాజెన్ కేసింగ్ అనో ఉంటుంది. లోపలి మాంసం ఒక జంతువుది, పొర ఇంకో జంతువుదైతే ఆ విషయం లేబుల్ మీద రాయాలన్న నియమం ఉంది, కొల్లాజెన్ పొర వాడినా చెప్పాలి. కాబట్టి వెనక్కి తిప్పి చివరి వరుస దాకా చదివితే మోసపోం. అంత చదివే ఓపిక లేకపోతే స్కిన్‌లెస్ టర్కీ, స్కిన్‌లెస్ చికెన్ తీసుకోవడం సులువు, పొర గొడవే ఉండదు.

ఇంకో రెండు అపార్థాలు. కోషర్ అంటే యూదుల ఆహార నియమాలకు సరిపోయేది, పంది లేదనే గానీ బీఫ్ లేదని కాదు. షాపులో కనిపించే కోషర్ హాట్ డాగ్‌లు చాలావరకు అచ్చంగా బీఫే. హలాల్ కావలసినవాళ్లు కోషర్ ముద్ర చూసి సరిపెట్టుకోకుండా హలాల్ ముద్ర ఉన్నదే వెతకాలి. రెండోది, పేరులో ఏ జంతువూ లేకుండా క్లాసిక్ అనో వీనర్స్ (హాట్ డాగ్‌కే ఇంకో పేరు) అనో మాత్రమే ఉంటే అది సాధారణంగా చికెన్, టర్కీ, పంది మాంసాల కలగలుపు. యంత్రంతో ఎముక నుంచి వేరుచేసిన కోడి మాంసం చవక ప్యాకెట్లలో మొదటి పదార్థంగా కనిపిస్తుంది. అది తినకూడనిది కాదు గానీ ముద్ద మరీ మెత్తగా, పిండిలా ఉంటుంది, గ్రిల్ మీద త్వరగా రంగు మారి పొడిబారుతుంది. బీఫ్ ఫ్రాంక్స్ (ఫ్రాంక్ అన్నా హాట్ డాగే) అని ఉంటే మాత్రం అందులో మాంసం బీఫ్ ఒక్కటే ఉండాలి.

అన్‌క్యూర్డ్ అనే మాటకు కూడా పొంగిపోనక్కర్లేదు. మాంసం నిలవకూ ఎర్రరంగుకూ వేసే సోడియం నైట్రైట్‌ను విడిగా కలపలేదని దాని అర్థం. దాని బదులు సెలరీ పొడి వేస్తారు, అందులోంచి వచ్చేదీ నైట్రైటే. రంగూ రుచీ కొంచెం తేడా. ఆరోగ్యం పేరుతో ఎక్కువ డబ్బు పెట్టేంత తేడా మాత్రం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. హాట్ డాగ్ కుకౌట్ రోజు తిండి, రోజూ తినే తిండి కాదు. ఉప్పు కూడా ఒక్కోదానిలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం దాకా ఉంటుంది, రక్తపోటు ఉన్నవాళ్లు లెక్కలో పెట్టుకోవాలి.

ఏ బ్రాండ్ ఎలా ఉంటుంది

బీఫ్ తినేవాళ్లకు మొదటి సిఫారసు నాథన్స్ ఫేమస్. 1916లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో మొదలైన పేరు. వెల్లుల్లి ఘాటు ముందుకొస్తుంది, ఉప్పు కాస్త ఎక్కువ, కొవ్వు ధారాళం. స్కిన్‌లెస్సూ ఉంది, న్యాచురల్ కేసింగూ ఉంది. రెండూ పక్కపక్కన కనిపిస్తే న్యాచురల్ కేసింగే తీసుకోవాలి. హీబ్రూ నేషనల్ కూడా న్యూయార్క్‌దే, 1905 నాటిది. కోషర్ బీఫ్. ముద్ద గట్టిగా ఉంటుంది, స్కిన్‌లెస్ అయినా చప్పగా మెత్తబడిపోదు. గ్రిల్ దగ్గర కొత్తగా నిలబడేవాళ్ల చేతికి ఇదే ఇవ్వాలి, చిన్న తప్పులను ఓర్చుకుంటుంది. షికాగో పక్క ఉన్నవాళ్లకు వియన్నా బీఫ్ ఉండనే ఉంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనతో ముడిపడిన పేరు. న్యాచురల్ కేసింగ్‌ది దొరికితే టప్‌మనడంలో దానికి సాటి తక్కువ. అయితే దాని సొగసు వేడి నీళ్లలో నెమ్మదిగా వేడెక్కించినప్పుడే పూర్తిగా తెలుస్తుంది, బొగ్గు మీద ఎక్కువసేపు ఉంచితే ఆ పొర వృథా. న్యూయార్క్ బండ్ల మీద గొడుగులతో కనిపించే సబ్రెట్ కూడా ఈ కోవదే.

కాస్ట్‌కో కర్క్‌లాండ్ డిన్నర్ ఫ్రాంక్‌లు లావు. ఫుడ్ కోర్టులో సోడాతో కలిపి ఒకటిన్నర డాలరుకు ఇచ్చే హాట్ డాగ్ రుచి ఇంట్లో కావాలంటే వీటినే కొంటారు. మాంసం రుచి బాగుంటుంది గానీ మామూలు బన్నులో ఇమడదు, మధ్యదాకా వేడెక్కడానికి సన్నవాటికన్నా రెట్టింపు సమయం పడుతుంది. పిల్లలకు ఒకటి తినడమే కష్టం. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న గుంపుకు సరే.

ఆస్కార్ మేయర్, బాల్ పార్క్ మెత్తన, చప్పన, కొద్దిగా తీపి. పదేళ్లలోపు పిల్లలు వీటినే ఇష్టపడతారు కాబట్టి ఒక ప్యాకెట్ ఉంచుకోవడంలో తప్పులేదు. టర్కీ, చికెన్ రకాల్లో ఆపిల్‌గేట్ మిగతావాటికన్నా మాంసం రుచి ఉన్నది. కొవ్వు తక్కువ కాబట్టి పైన పలచగా నూనె పూసి, బీఫ్‌కన్నా రెండు నిమిషాలు ముందే దించేయాలి.

శాకాహారులకు లైట్‌లైఫ్ స్మార్ట్ డాగ్స్ ఎక్కడైనా దొరుకుతాయి, సోయా ప్రొటీన్‌తో చేసినవి. కొవ్వు దాదాపు లేనట్టే కాబట్టి కమ్మీలకు అతుక్కుని తోలు ఊడినట్టు ఊడతాయి. బ్రష్‌తో నూనె రాసి, మెత్తటి సెగ మీద మూడు నాలుగు నిమిషాలు, అంతే. ఫీల్డ్ రోస్ట్ రకం గోధుమ గ్లూటెన్‌తో చేసింది. గట్టిగా, నమలడానికి బలంగా ఉంటుంది, మా ఓటు దీనికే. గ్లూటెన్ పడనివాళ్లకు మాత్రం పెట్టకూడదు. మాంసం పెట్టిన కమ్మీల మీదే వీటిని పెట్టి శాకాహారం అని వడ్డించడం మర్యాద కాదు. ఒక పక్క అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు పరిచి, విడి పట్టకారుతో, మాంసం కన్నా ముందే కాల్చి పక్కన పెట్టాలి. చిన్న గ్రిల్ ఇంకోటి ఉంటే అన్నిటికన్నా మేలు.

బన్ను

హాట్ డాగ్‌లు పౌండుకు పది, అంటే ఒక్కోటి 45 గ్రాములు, బన్నులు ప్యాకెట్‌కు ఎనిమిది. ఈ లెక్క కుదరక ప్రతి వేసవిలో రెండు సాసేజ్‌లు బన్నులేకుండా మిగులుతాయి. పదేసి ఉన్న హాట్ డాగ్ ప్యాకెట్లు నాలుగు, ఎనిమిదేసి ఉన్న బన్ను ప్యాకెట్లు ఐదు తెస్తే నలభైకి నలభై సరిపోతాయి. లేదంటే బన్ లెంగ్త్ రకం ఎనిమిదేసి వస్తుంది, అది కొంటే లెక్కే అక్కర్లేదు.

మార్టిన్స్ పొటాటో రోల్స్ బంగాళాదుంప కలిపిన పిండివి, మెత్తన, పసుపు రంగు, వంచినా మడత దగ్గర చీలవు. మామూలు తెల్ల బన్ను చల్లగా ఉన్నప్పుడు తెరిస్తే వెనక మడత దగ్గర రెండు ముక్కలవుతుంది, సాసేజ్ కింద పడుతుంది. మార్టిన్స్‌లో ఆ బాధ తక్కువ. కింగ్స్ హవాయియన్ తీపి ఎక్కువ, ఆవ సాస్‌తో బాగుంటుంది గానీ కెచప్ కూడా వేస్తే మిఠాయి తిన్నట్టు ఉంటుంది. న్యూ ఇంగ్లండ్ వైపు దొరికే పైచీలిక బన్ను ఈ సమీక్షలో అన్నిటికన్నా నచ్చింది. దాని రెండు పక్కలా పైపొర ఉండదు, రొట్టె ముక్కలా తెల్లగా ఉంటుంది. ఆ పక్కలకు వెన్న రాసి పెనం మీదో కమ్మీల మీదో వేస్తే బంగారు రంగుకు వస్తాయి, పైగా నిలువుగా నిలబడుతుంది కాబట్టి పైన వేసిన ఉల్లిపాయలు జారిపోవు.

బన్ను వేడెక్కించకుండా వడ్డించకూడదు. పదిమందికైతే తెరిచి లోపలి వైపు నిప్పుల మీద 20 నుంచి 30 సెకన్లు చాలు, అక్కడే నిలబడి చూడాలి, అరనిమిషం దాటితే బొగ్గే. నలభై మందికైతే ఎనిమిదేసి ఫాయిల్‌లో చుట్టి గ్రిల్ చల్లటి పక్కన పది నిమిషాలు ఉంచాలి. లోపలి ఆవిరికే మెత్తబడతాయి. ఫాయిల్ లోపల నీళ్లు చల్లకండి, అడుగు తడిసి పిండి ముద్దవుతుంది.

గ్రిల్, నిప్పు

ఈ పనికి వెబర్ 22 అంగుళాల కెటిల్‌ను మించినది ఆ ధరలో లేదు. 1952లో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే లోహపు కర్మాగారంలో తయారయ్యే సముద్రపు బోయాల (నీళ్ల మీద తేలే గుర్తుగోళాల) అర్ధగోళాలతో చేసిన గుండ్రటి గ్రిల్ ఇది. డిజైన్ అప్పటి నుంచి పెద్దగా మారలేదు. కాల్చే చోటు 363 చదరపు అంగుళాలు. సగంలో నిప్పు, సగం ఖాళీ పెట్టుకున్నా ఒక్కో వైపు 16 నుంచి 18 హాట్ డాగ్‌లు హాయిగా పడతాయి. మూత గుండ్రంగా, లోతుగా ఉండటం ఇక్కడ ముఖ్యం. మూతేస్తే గాలి తగ్గి మంట లేవదు, లోపలి వేడి గుండ్రంగా తిరిగి నాలుగు పక్కలా తగులుతుంది. మామూలు ఒరిజినల్ మోడల్‌కీ ప్రీమియం మోడల్‌కీ తేడాల్లో పనికొచ్చేవి రెండు: ప్రీమియంలో కమ్మీల జాలీ పక్కలు మడిచి లేపి బొగ్గు వేయొచ్చు, బూడిద మూసి ఉన్న డబ్బాలో పడుతుంది. ఒరిజినల్‌లో బూడిద తెరిచిన పళ్లెంలో పడుతుంది, గాలి వీస్తే ప్లేట్ల మీదికి లేస్తుంది. వారం వారం కాల్చేవాళ్లు ప్రీమియం కొనాలి, ఏడాదికి నాలుగుసార్లైతే ఒరిజినల్ చాలు.

లోపాలూ ఉన్నాయి. కాళ్లు పలచన, గడ్డి మీద ఒక పక్కకు ఒరుగుతుంది. పిల్లలు పరిగెత్తే చోట చదునైన నేల చూసి పెట్టాలి. పక్కన సామాను పెట్టుకునే బల్ల ఉండదు. గ్యాస్ గ్రిల్ అయితే పది నిమిషాల్లో సిద్ధం, ఇదైతే నిప్పు రాజేయడం నుంచి మొదటి హాట్ డాగ్ దాకా 30 నిమిషాలు.

బొగ్గు రాజేయడానికి చిమ్నీ స్టార్టర్ అనే ఇనప గొట్టం కచ్చితంగా కొనాలి. పెద్ద సైజు చిమ్నీలో సుమారు వంద బ్రికెట్లు (అచ్చుపోసిన బొగ్గు ఉండలు) పడతాయి. హాట్ డాగ్‌లకు అంత వద్దు. సగం కన్నా కొంచెం ఎక్కువ, 50 నుంచి 60 చాలు. అడుగున నలిపిన రెండు కాగితాలు వెలిగించి 15 నుంచి 20 నిమిషాలు ఆగితే పైవాటి మీద కూడా బూడిద పొర వస్తుంది. ఆ బూడిద రాకముందే పోసి కాల్చడం మొదలుపెడితే రాజుకోని బొగ్గు పొగ కమురు వాసన అంటుకుంటుంది. నూనె తడిపి అమ్మే బ్రికెట్లు, లైటర్ ద్రవం వాడితే ఆ వాసన కొవ్వుకు పట్టి పోదు, వాటి జోలికి వెళ్లొద్దు. కాలుతున్న నిప్పుల మీద లైటర్ ద్రవం పోయడం ప్రాణాంతకం, డబ్బా దాకా మంట వస్తుంది.

నిప్పులన్నీ ఒక పక్కకే పోయాలి. రెండో సగం పూర్తిగా ఖాళీ. కింది గాలి రంధ్రాలు తెరిచి ఉంచి, పైమూత రంధ్రం సగం తెరవాలి. కమ్మీలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో అరచేయి పెడితే ఐదు నుంచి ఏడు సెకన్లు ఓర్చుకోగలిగితే సెగ సరైనది. రెండు సెకన్లకే లాక్కుంటే మరీ ఎక్కువ, ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి.

ఇప్పుడు హాట్ డాగ్‌లు ఖాళీ పక్కన పెట్టి, మూతేసి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. అవి కొద్దిగా ఉబ్బి నిగనిగలాడుతున్నప్పుడు నిప్పుల పక్కకు జరిపి, పట్టకారుతో దొర్లిస్తూ ఒకటి నుంచి రెండు నిమిషాలు రంగు తేవాలి. కమ్మీల దిశలోనే పెడితే రెండు కమ్మీల మధ్య గాడిలో కుదురుగా దొర్లుతాయి, అడ్డంగా పెడితే చారలు అందంగా పడతాయి గానీ ఒకటి తిప్పబోతే నాలుగు దొర్లిపోతాయి. పెద్ద గుంపుకైతే ఐదారిటిని నిచ్చెన మెట్లలా పక్కపక్కన పేర్చి రెండు ఇనప చువ్వలు గుచ్చితే ఒక్క తిప్పుతో అన్నీ తిరుగుతాయి. ఇది స్కిన్‌లెస్‌కే. పేగు పొర ఉన్నదాన్ని ఎక్కడా గుచ్చకూడదు, గీత పెట్టకూడదు, ఫోర్కుతో తిప్పకూడదు. ఒక్క రంధ్రం చాలు, రసమంతా నిప్పులపాలు.

కత్తితో చుట్టూ మెలిక గీత పెట్టే పద్ధతి ఈ మధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. స్కిన్‌లెస్‌కు అది మంచిదే. అంచులు కరకరలాడతాయి, గాట్లలోకి ఉల్లిపాయ, ఆవ సాస్ దిగుతాయి. బదులుగా రసం కొంత పోతుంది. గీత పావు అంగుళం దాటకూడదు, లోతు ఎక్కువైతే సాసేజ్ స్ప్రింగులా విడిపోతుంది.

లావు డిన్నర్ ఫ్రాంక్‌లకు ఖాళీ పక్కన 12 నుంచి 14 నిమిషాలు కావాలి. గడ్డకట్టినవి నేరుగా గ్రిల్ మీద పెట్టొద్దు. బయట చీలిపోయేసరికి మధ్యలో ఇంకా ఐస్ ఉంటుంది. ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తినే హాట్ డాగ్ మధ్యలో 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ తప్పనిసరి. ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగే లిస్టీరియా అనే సూక్ష్మజీవి వల్ల ఈ జాగ్రత్త. థర్మామీటర్ ముల్లును సాసేజ్ చివర నుంచి నిలువుగా దింపాలి, పక్కనుంచి గుచ్చితే కొలత తప్పుతుంది. ఒక్కదాన్ని చూస్తే ఆ వాయి సంగతి తెలిసిపోతుంది.

పార్కుల్లో స్తంభానికి బిగించి ఉండే ప్రభుత్వ గ్రిళ్లకు మూత ఉండదు. పెద్ద ఫాయిల్ ట్రేను తిరగేసి బోర్లిస్తే అదే మూత. వాటి కమ్మీలు తుప్పు పట్టి ఉంటాయి, నిప్పుల మీద పది నిమిషాలు కాలనిచ్చి, నలిపిన ఫాయిల్ ఉండను పట్టకారుతో పట్టుకుని గట్టిగా రుద్దాలి. ఇనప తీగల బ్రష్ వద్దు. తెగిన తీగ ముక్క కమ్మీకి అంటుకుని తిండితో గొంతులోకి వెళ్లిన సందర్భాలు ఆసుపత్రుల రికార్డుల్లో ఉన్నాయి.

వేడిగా నిలబెట్టడం

అందరూ ఒకేసారి తినరు. కాల్చినవి ప్లేట్‌లో పేర్చి ఉంచితే పది నిమిషాల్లో ముడతలు పడతాయి. సగం సైజు అల్యూమినియం ట్రేలో అంగుళం లోతు వేడి నీళ్లు పోసి, అందులో పావు చెంచా ఉప్పు, ఒక ఉల్లిపాయ ముక్కలు వేసి గ్రిల్ చల్లటి పక్కన ఉంచాలి. న్యూయార్క్ బండివాళ్ల పద్ధతే ఇది. ఉప్పులేని నీళ్లలో ఉంచితే సాసేజ్‌లోని ఉప్పు, రుచి నీళ్లలోకి దిగిపోయి పాలిపోతుంది. నీళ్లు తెర్లకూడదు, 140 డిగ్రీలు, అంటే 60 సెల్సియస్ పైన వెచ్చగా ఉంటే చాలు. అరగంట నుంచి నలభై నిమిషాలు నిలుస్తాయి, అంతకు మించితే పొర నాని జిగురెక్కుతుంది. అందుకే నలభై ఒకేసారి కాల్చకుండా పదహారేసి చొప్పున వాయిలుగా దించడం మంచిది. బన్నులో పెట్టేముందు పట్టకారుతో పైకెత్తి నీళ్లు కారనిచ్చి, కమ్మీల మీద ఒక్క పది సెకన్లు దొర్లిస్తే తడి ఆరుతుంది. తడి సాసేజ్ పెడితే బన్ను అడుగు నిమిషంలో తెగుతుంది.

పైన ఏం వేయాలి

ఒక పద్ధతి ఉంది, అది పాటిస్తే చేతులకు కారదు. ముందు సాస్‌లు, వాటి మీద ముక్కలు, తర్వాత చీజ్, చివర పొడులు. సాస్ బన్నుకు కాకుండా సాసేజ్‌కే పూయాలి. బన్నుకు పూస్తే పీల్చుకుని మెత్తబడుతుంది.

షికాగో పద్ధతికి గసగసాల బన్ను, పసుపు ఆవ సాస్, మెరిసే ఆకుపచ్చ తీపి రెలిష్ (సన్నగా తరిగిన దోసకాయ ఊరగాయ), తరిగిన పచ్చి ఉల్లి, టమాటా చీలికలు, నిలువుగా కోసిన దోసకాయ పికిల్, స్పోర్ట్ పెప్పర్స్ అనే చిన్న మిరపకాయలు, చివర సెలరీ ఉప్పు. కెచప్ ఉండదు, అక్కడివాళ్లు దాని మీద పట్టుదలగా ఉంటారు, రుచి చూస్తే ఆ పట్టుదల సరైనదే అనిపిస్తుంది. టమాటా, రెలిష్‌లో ఉన్న తీపీ పులుపూ చాలు. న్యూయార్క్ పద్ధతికి ఘాటైన గోధుమరంగు ఆవ సాస్, సవర్‌క్రౌట్ అనే పులిసిన క్యాబేజీ, లేదా టమాటాలో మగ్గబెట్టిన ఉల్లిపాయ. సవర్‌క్రౌట్ జల్లెడలో వేసి పిండకుండా వేస్తే హాట్ డాగ్ మొత్తం నీళ్లమయం.

ఆవఘాటు తెలిసిన నాలుకకు పసుపు ఆవ సాస్ చప్పగా ఉంటుంది, గోధుమరంగుదే తీసుకోండి. ఆవకాయ పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. రుచి కుదురుతుంది గానీ ఉప్పు మీద ఉప్పు పడుతుంది, నూనె బన్నును తడిపేస్తుంది. దానికన్నా సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి, పదిహేను నిమిషాలు ఆగి, ఊరిన నీళ్లు పిండేసి వేస్తే చికెన్, టర్కీ హాట్ డాగ్‌లకు ప్రాణం వస్తుంది. ఆ మిశ్రమంలో ఉప్పు వేయకండి.

నలభై హాట్ డాగ్‌లకు లెక్క: ఆవ సాస్ ఒక్కోదానికి చెంచా చొప్పున 200 గ్రాములు, అంటే 14 ఔన్సుల సీసా ఒకటి సగం మిగులుతుంది. ఉల్లిపాయ ఒక్కోదానికి 20 గ్రాములు, మధ్యరకం ఐదారు. సవర్‌క్రౌట్ సగంమందే వేసుకుంటారు, ఒక్కొక్కరికి 30 గ్రాములు, పిండిన తర్వాత 600 గ్రాములు. కెచప్ పిల్లలకే, ఒక సీసా. పెద్దలకు తలా రెండు, పిల్లలకు తలా ఒకటి చొప్పున కొనాలి. పక్కన పులిహోర, చికెన్ వేపుడు లాంటివి ఉంటే పెద్దలకూ ఒకటిన్నరే లెక్క.

నాలుగేళ్లలోపు పిల్లలకు గుండ్రటి చక్రాల్లా కోసి ఇవ్వకూడదు. ఆ ఆకారం సరిగ్గా పిల్లల శ్వాసనాళానికి బిరడాలా పడుతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించింది. ముందు నిలువుగా నాలుగు చీలికలు చేసి, తర్వాత చిన్న ముక్కలుగా తరగాలి. కూర్చోబెట్టి తినిపించాలి, పరిగెత్తుతూ తినే తిండి కాదిది.

మిగిలినవి

బయట 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో గంటకు మించి, అంతకన్నా చల్లటి రోజైతే రెండు గంటలకు మించి ఉన్నవి పారేయాల్సిందే. తెరవని ప్యాకెట్ ఫ్రిజ్‌లో రెండు వారాలు, తెరిచింది వారం, ఫ్రీజర్‌లో నెల రెండు నెలలు రుచి చెడకుండా ఉంటుంది. కాల్చి మిగిలినవి సమయానికి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. వాటిని ఏటవాలుగా పలచగా కోసి, నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, నిలువుగా తరిగిన ఉల్లిపాయ వేయించి, చివర మూడు నిమిషాలు ఈ ముక్కలు వేసి మిరియాల పొడి చల్లి దించితే మంచి వేపుడు. ఉప్పు అసలే వేయొద్దు, అది ముక్కలోనే ఉంది.